వచ్చే ఆపదకు చిన్న వర్క్‌షాపుల జాబితా ఉందా?

బ్రిటన్‌లో స్కూలుకెళ్లే పిల్లలున్న మన ఇళ్లల్లో బీబీసీ మైక్రోబిట్ తెలియనివాళ్లు తక్కువ. ఆ బోర్డుకు మోటార్లు, లైట్లు కలుపుకునే కిట్లు చేసే కిట్రానిక్ అనే చిన్న కంపెనీ నాటింగ్‌హామ్‌లో ఉంది. షెఫీల్డ్‌లో పిమొరోని అని ఇంకొకటి. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్‌కు రంగురంగుల అక్రిలిక్ పెట్టెలు కోసి అమ్ముతూ పేరు తెచ్చుకుంది. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆసుపత్రుల్లో రక్షణ సామగ్రికి కటకటలాడుతుంటే ఈ రెండూ తమ లేజర్ కట్టర్లను ఫేస్ షీల్డుల మీదికి మళ్లించాయి.

దీన్ని మనం 'మంచి మనసు' కథగా చెప్పుకుని వదిలేశాం. నాకది నచ్చదు. మంచి మనసు దేశమంతా ఉంది, ప్రతి గురువారం రాత్రి 8 గంటలకు గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టింది. షీల్డు కావాలంటే మాత్రం యంత్రం, ముడిసరుకు, దాన్ని నడపడం తెలిసిన మనిషి ఒకే కప్పు కింద ఉండాలి.

ఆ రోజుల్లో ఇంటింటా త్రీడీ ప్రింటర్ల గురించే మాట్లాడుకున్నారు. ప్రాగ్‌లోని ప్రూసా రిసెర్చ్ తన షీల్డు డిజైన్‌ను ఉచితంగా ఇచ్చేయడంతో ప్రపంచమంతటా ఔత్సాహికులు ప్రింట్ చేశారు. గొప్ప పనే. కానీ ఇంట్లో ఉండే ప్రింటర్ తలకు పెట్టుకునే ఒక్క పట్టీ పోయడానికి గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తీసుకుంటుంది. అచ్చులో పోసే పద్ధతిలో సెకన్లలో ఒకటి వస్తుంది గానీ, ఆ అచ్చు తయారవడానికే వారాలు పడుతుంది. రోగం వారాలు ఆగదు కదా. లేజర్ కట్టర్ ఈ రెండింటికీ మధ్య ఉంటుంది. పట్టీని బల్లపరుపు ప్లాస్టిక్ షీటులో కోసి వంచేలా గీస్తే, ఒక్కోటి నిమిషం లోపే తెగుతుంది. పొద్దున డిజైన్ మారిస్తే మధ్యాహ్నానికి కొత్త రకం చేతికొస్తుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్లం రోజూ అనుభవించే సౌలభ్యం అది, వస్తువుల ప్రపంచంలో చాలా అరుదు.

ఇందులో అనుభవం విలువ కూడా ఉంది. పీవీసీ షీటును లేజర్ కింద పెడితే క్లోరిన్ కలిసిన విషవాయువు వస్తుంది. మనిషికీ మంచిది కాదు, యంత్రమూ తుప్పు పడుతుంది. ఏ ప్లాస్టిక్ కోయాలో, ఏది కోయకూడదో రోజూ ఆ పని చేసేవాడికి చెప్పనక్కర్లేదు. న్యూయార్క్‌లో లిమోర్ ఫ్రైడ్ స్థాపించిన అడాఫ్రూట్ నగరం నడిబొడ్డునే సొంత కార్ఖానా ఉంచుకుంది కాబట్టే, ఊరంతా మూతపడినా షీల్డులు చేయగలిగింది. ముంబైలో మేకర్స్ అసైలం మొదలుపెట్టిన ఎం-19 షీల్డులను దేశంలోని పలు ఊళ్ల వర్క్‌షాపులు కలిసి పది లక్షలకు పైగా చేశాయి.

ఇది మన ఇళ్లకు తగిలిన విషయం. బ్రిటన్‌లో కోవిడ్‌కు మొదట బలైన పదిమంది డాక్టర్లూ ఆసియా, ఆఫ్రికా తదితర మైనారిటీ వర్గాల వాళ్లే. ఇక్కడి ఎన్‌హెచ్ఎస్‌లో మన తెలుగు డాక్టర్లు ఎందరున్నారో మీకు తెలుసు. మా మిత్రుడి భార్య ఆ ఏప్రిల్లో ఒకే షీల్డు మీద మార్కర్‌తో పేరు రాసుకుని, తుడుచుకుంటూ రోజుల తరబడి వాడింది. ఏ ఆసుపత్రి అనేది అనవసరం, అప్పుడు చాలాచోట్ల అదే పరిస్థితి.

నాణ్యత సంగతేమిటని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిందే. కంటి రక్షణకు ఈఎన్ 166 ప్రమాణం ఊరికే రాలేదు. అంచు పదునుగా ఉన్నా, ఆవిరి పట్టి కనపడకపోయినా ఆ షీల్డు డాక్టరుకు అదనపు తలనొప్పి. నా అభ్యంతరమల్లా, ఆ పరీక్షలన్నీ ఆపద నెత్తిమీదికి వచ్చాక మొదలుపెట్టడం మీద. మామూలు రోజుల్లోనే నాలుగు డిజైన్లను పరీక్షించి, ఆమోదముద్ర వేసి పక్కన పెట్టుకోవడానికి ఎంత ఖర్చవుతుంది?

ఖర్చు మాట వచ్చింది కాబట్టి చెప్తాను. 2020-21లో బ్రిటన్ ఆరోగ్యశాఖ 12.1 బిలియన్ పౌండ్లతో పీపీఈ కొని, ఆ విలువలో 8.7 బిలియన్లను లెక్కల్లో తగ్గించి రాసుకుంది. అందులో సగానికి పైగా తర్వాత ధరలు పడిపోవడం వల్ల పోయిందే, అది ఒప్పుకోవాలి. పనికిరాని సరుకూ తక్కువేమీ కాదు. రాజకీయ పరిచయాల ద్వారా 'ప్రాధాన్య వరుస'లో చేరిన సరఫరాదారుల్లో దాదాపు పదింట ఒకరికి కాంట్రాక్టు దక్కితే, మామూలు వరుసలో నూటికి ఒకరికి కూడా దక్కలేదని జాతీయ ఆడిట్ కార్యాలయం తేల్చింది. ఆ ప్రత్యేక వరుస చట్టవిరుద్ధమని 2022 జనవరిలో హైకోర్టు చెప్పింది. చిన్న వర్క్‌షాపు యజమానికి మంత్రులెవరు తెలుస్తారు, చెప్పండి!

అందుకే నేను కోరేది ఒక జాబితా. ఏ ఊళ్లో ఎవరి దగ్గర ఏ యంత్రం ఉంది, రోజుకు ఎన్ని చేయగలరు, ఏ షీటు నిల్వ ఉంటుంది, బిల్లు ఎన్ని రోజుల్లో చెల్లిస్తారు. ఈ చివరిది ముఖ్యం. విరాళాల మీద చిన్న కంపెనీ రెండు వారాలు నడుస్తుంది, రెండు నెలలు నడవదు. ఈ పని మన రాష్ట్రాల్లోనూ చేయొచ్చు. హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్, విశాఖలోని మెడ్‌టెక్ జోన్ అందుకు సరిపోయే చోట్లే. కొత్త భవనం అక్కర్లేదు, ఒక స్ప్రెడ్‌షీటు, దాన్ని ఏడాదికోసారి సరిచూసే ఉద్యోగి చాలు.

2021లో రెండో విడత కోవిడ్ వచ్చినప్పుడు మన తెలుగు సంఘాలు చందాలు పోగుచేసి ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు ఇండియాకు పంపాయి. ఆ వాట్సాప్ గ్రూపులు చాలావరకు ఇప్పుడు బోనాలు, బతుకమ్మ, ఉగాది ఫొటోలతో బతికే ఉన్నాయి. గ్యారేజీలో త్రీడీ ప్రింటరో లేజర్ కట్టరో పెట్టుకున్నవాళ్లు, చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీ నడిపేవాళ్లు వాటిలో తప్పక ఉంటారు. మా ఊరి సంఘం వచ్చే సమావేశంలో ఆ పేర్లు రాసుకునే అంశాన్ని అజెండాలో పెట్టమని కార్యదర్శి గారికి ఇప్పటికే చెప్పాను. సాంస్కృతిక కార్యక్రమాల తర్వాత, భోజనాలకు ముందు పది నిమిషాలు ఇచ్చారు.