ఉమేదువారీ ఘనత కాదు

పూర్వము బుద్ధిబలము గలవానికి సిఫారసుతో పనిలేకుండెననియు, నేటి యువకులే పరిచయముల కొరకు దేవులాడుచున్నారనియు మన సభలలో పెద్దలు తరచు సెలవిచ్చుచున్నారు. ఈ మాట చరిత్రకు విరుద్ధమని మేము నిస్సంకోచముగా చెప్పుచున్నాము.

కుంఫిణీవారి నాటి చెన్నపట్టణమున కొలువునకు దారి దుబాసీల వాకిటి మీదుగా నుండెడిది. 1789-90లో గవర్నరుగా నుండిన హాలండు దొరకును, ఆయన సోదరునకును దుబాసీయైన అవధానం పాపయ్య మన తెలుగువాడే. ఒక ఆంగ్లోద్యోగిని పదవినుండి తొలగింపజేయ కుట్ర పన్నెనని 1792లో న్యాయస్థానము అతనిని నేరస్థునిగా తేల్చినది. దొరనే కదలింపజూచిన దుబాసీ వాకిట అండలేని బాలునకు చోటెక్కడిది?

అట్టివానికి మిగిలినది ఉమేదువారీ. అనగా జీతము లేక కచ్చేరీలో పనిచేయుచు, ఖాళీ పడువరకు కాచుకొని యుండుట. ఏనుగుల వీరాస్వామయ్య తొమ్మిదవయేట తండ్రిని గోల్పోయి, పన్నెండవయేట బోర్డు ఆఫ్ ట్రేడులో వాలంటీరుగా చేరి, కడకు మదరాసు సుప్రీంకోర్టులో ప్రధాన ద్విభాషి యయ్యెను. ఒంగోలు వాస్తవ్యుడు వెన్నెలకంటి సుబ్బారావు పలుభాషలు నేర్చి 1815 మొదలు 1829 వరకు సదరు కోర్టున భాషాంతరీకర్తగా నుండెను.

ఈ ఇరువురి పేర్లు చెప్పి మురియుట సులభము. కచ్చేరీ అరుగులపై కాచుకొని, ఇంట గింజలు నిండుకొనగా ఊరికి మరలినవారి పేర్లెవరు వ్రాసి యుంచిరి? జీతము లేక ఏండ్లు గడుపగలవాడే అచట నిలిచెను. ఆ పరీక్షలో ప్రతిభ కన్న ఇంటి గాదెయే ఎక్కువగా నెగ్గెను.

ఇంట తెలుగును, వీధిలో తమిళమో కన్నడమో ఒడియాయో మరాఠీయో మాటాడుచు పెరిగిన మన బిడ్డలకు ఆనాటివారి భాషాధనము నేటికిని కలదు. లేనిది అండ. ఇంటర్న్‌షిప్పు అను క్రొత్త పేర ఉమేదువారీ మరల వచ్చినది. "పని నేర్పుచున్నాముగదా, జీతమేల?" అని మన వ్యాపారులే కొందరు అనుచున్నారు. కుర్రవాని చేతిపని చూడకమునుపే "ఎవరి తాలూకు?" అని అడుగుచున్నారు. పాపయ్య వాకిలికిని ఈ వాకిలికిని భేదమేమి?

మేము కోరునది స్వల్పము. సంఘ సభ్యులలో దుకాణము, కర్మాగారము, కార్యాలయము గలవారు ఏటికొక్కరినైనను సిఫారసు అడుగక చేర్చుకొని, మొదటి నెలనుండియే జీతమీయవలెను. వార్షికోత్సవపు పందిళ్లకు వసూలు చేయు చందాలో కొంత, పని నేర్చుకొను పేదబిడ్డల భోజనవసతికి కేటాయింపవలెను. ఇంతమాత్రము చేయనొల్లనివారు వీరాస్వామయ్య చిత్రపటమునకు పూలమాల వేయు శ్రమ తీసుకొనకుందురుగాక.