మంచు దేశంలో కల్యామాకు కోసం కోడండ్లను సతాయించకండి

“అమెరికా పోయి నాలుగేండ్లయింది, ఇంటెనుక ఒక్క కల్యామాకు చెట్టు పెంచలేకపోయింది.” మా కథలాపూర్‌లో నలుగురు ఆడవాళ్లు కూడిన చోటల్లా ఈ మాట వింటున్న. అన్నది అత్త కావచ్చు, కన్నతల్లే కావచ్చు. చెట్టు పేరు పెట్టి దెప్పేది మాత్రం పిల్లను. నాకు కోపమంతా ఆ దెప్పుడు మీదనే.

ఆ పిల్ల మిన్నెసోటాలో ఉన్నదనుకుందాం. అక్కడ చలికాలంలో సున్నాకు కింద 30 డిగ్రీలకు పోయే రోజులుంటయి. మంచు గడ్డకడితే కల్యామాకు బతకదు. కుండీలో పెట్టి, చలి పోయేదాక నెలల తరబడి ఇంట్లో కిటికీ పక్కన కాపాడాలె. చంటిపిల్లతో, ఉద్యోగంతో సతమతమయ్యే మనిషికి అది ఇంకో చంటిపిల్ల. పెంచగలిగితే సంతోషమే. పెంచకపోతే సంసారం చేతకానట్టా?

మన సంగతి చూద్దాం. ఆటోలో మొక్కలు అమ్మేటాయన “ఆపిల్” అంటే చాలు, గల్లీ అంతా ఎగబడి కొంటది. మామూలు ఆపిల్ రకాలకు 7 డిగ్రీల లోపు చలి సుమారు 1000 గంటలు కావాలె. మే నెలలో 45 డిగ్రీలు దాటే మన జగిత్యాల జిల్లాలో అంత చలి ఎక్కడి నుంచి తెస్తం? తక్కువ చలికి కాసే హెచ్‌ఆర్‌ఎంఎన్-99 లాంటి రకాలున్నయి. కెరమెరి మండలంలో ఒక రైతు సీసీఎంబీ శాస్త్రవేత్తల తోడుతో ఆపిల్ పండించిండు కూడా. అయినా మన పెరట్ల ఆపిల్ కాయకపోతే మనల్ని ఎవరూ తప్పుపట్టరు. మరి పిల్లనెందుకు పడతం?

ఆ నేలలో కాసేవి బోలెడున్నయి. మిన్నెసోటా విశ్వవిద్యాలయమే 1991లో హనీక్రిస్ప్ ఆపిల్‌ను విడుదల చేసింది. కాకపోతే ఒక్క చెట్టు పెడితే కాత సరిగ్గా రాదు, పక్కన వేరే రకం ఆపిల్ ఉండాలె. చలిని తట్టుకునే బ్లూబెర్రీలున్నయి. వాటికి పుల్లటి నేల కావాలె, కాబట్టి ముందు మట్టి పరీక్ష చేయించుకోవాలె. పుదీన, ఉల్లికాడల్లాంటి చైవ్స్ చలికాలం ఎండిపోయినా, మంచు కరిగినంక వేర్ల నుంచి మళ్లీ చిగురిస్తయి. రూబార్బ్ అని మన చుక్కకూర కుటుంబం మొక్క ఒకటుంది. దాని పుల్లటి కాడలతో పప్పు వండుకునే తెలుగువాళ్లు అక్కడున్నరు. ఆకు మాత్రం విషం, కాడే వాడాలె. పుంటికూర కావాలంటే ఎండాకాలం కుండీలో వేసుకోవచ్చు.

“అట్లయితే మన వంట మరిచిపోతరు గదా” అంటరు. మన వంట ఒక్క ఆకు మీద నిలబడలేదు. పప్పులకు ఒకప్పుడు చింతచిగురు, ఒకప్పుడు మామిడికాయ, ఇంకోప్పుడు పుంటికూర వేస్తం. ఆ కాలానికి ఏ పులుపు దొరికితే అదే మన పులుపు. మిరపకాయ, జామ, బొప్పాయి, సీతాఫలం అన్నీ అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చినయే. వాటిని మనవి చేసుకున్నది పెరడు, వంటిల్లు నడిపిన ఆడవాళ్లే. ఇయ్యాల మన పిల్లలు అక్కడ చేసేదీ అదే పని.

పెరడు పరీక్ష హాలు కాదు. ఆ నేల ఏమిస్తది, ఇంట్లోవాళ్లు ఏం తింటరు, చూసుకునే చేతులకు తీరికెంత, ఈ మూడు చూసి మొక్క పెట్టాలె. ఈసారి ఫోన్ చేసినప్పుడు కల్యామాకు సంగతి పక్కనపెట్టి, “మీ దగ్గర ఏం కాసింది బిడ్డా, ఎట్ల వండినవ్?” అని అడగండి.