భూమికి కౌలు కట్టారు, చేతులకేం కట్టారు?

తెల్లవారుజామున తుళ్లూరు మండలంలో ఏ దళితవాడ మొదట్లోనైనా నిలబడి చూడండి. చీకటుండగానే ఆటో వస్తుంది. ముగ్గురు పట్టే చోట పదిమంది ఆడవాళ్లు సర్దుకుంటారు. ఒళ్లో సద్ది కేరేజీ. ఎక్కడో పల్నాటి వైపు మిరపకాయలు కోయడానికో, పత్తి తీయడానికో పోవాలి. మళ్లీ ఇల్లు చేరేది దీపాలు పెట్టే వేళకే. "చంటివాణ్ణి ఎవరికి అప్పగించావమ్మా?" అని ఒక తల్లినడిగాను. "పెద్దదానికేనండి మేష్టారూ" అంది. పెద్దదానికి ఎనిమిదేళ్లు.

ఆ పెద్దది నా హాజరుపట్టీలో ఉంది. వారంలో మూడు రోజులు బడికి రాదు. వచ్చిన రోజున చంకలో తమ్ముణ్ణి వేసుకుని వస్తుంది. తల్లికి పని పోతే పిల్లకి చదువు పోతోంది. రాజధాని కథలో ఈ ముక్క ఎవరూ రాయలేదు.

2015కి ముందు ఈ తల్లులు ఆటో ఎక్కి పరాయి ఊళ్లకి పోవాల్సిన అవసరం ఉండేది కాదు. కృష్ణ ఒడ్డు జరీబు భూముల్లో అరటి, కూరగాయలు, పూలు. మెట్టన పత్తి, మొక్కజొన్న. ఒక పైరు అయితే ఇంకొకటి. చేలో చెట్టుకి చీర ఉయ్యాల కట్టుకునేవాళ్లు. మధ్యాహ్నం ఇంటికొచ్చి బిడ్డకి పాలిచ్చి పోయేంత దూరం. భూసమీకరణ పేరుతో 29 గ్రామాల్లో 30 వేల ఎకరాలకు పైగా తీసుకున్నారు. ఇచ్చిన పొలాల్లో సాగు ఆగింది. సాగుతోపాటే కూలీ ఆగింది.

ఫ్యాక్టరీలో కార్మికుణ్ణి తీసేస్తే దాన్ని రిట్రెంచ్‌మెంటు అంటారు. నెల ముందు నోటీసు, చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం ఇవ్వాలని 1953లోనే పారిశ్రామిక వివాదాల చట్టంలో చేర్చారు. ఊళ్లకి ఊళ్లే పని పోగొట్టుకుంటే దానికి పేరేమిటి? ఎవరికి నోటీసిచ్చారు? ఇన్నేళ్ల నాట్లకీ కలుపులకీ కోతలకీ సర్వీసు లెక్కగట్టిందెవరు?

లెక్క మనమే చూద్దాం. మెట్ట ఎకరానికి ఏడాదికి 30 వేలు, జరీబు ఎకరానికి 50 వేలు కౌలు అన్నారు. ఏటా మూడు వేలు, ఐదు వేలు చొప్పున పెంపు. అలా పదేళ్లు. ఆపైన అభివృద్ధి చేసిన స్థలం. మరి సెంటు భూమి లేని కుటుంబానికి? నెలకి 2,500. అంటే ఏడాదికి 30 వేలు. ఇంటిల్లిపాది రెక్కల కష్టానికి కట్టిన ధర, ఒక్క ఎకరం మెట్టకి మొదటి ఏడు ఇచ్చిన కౌలుతో సమానం! పొలం కౌలుకి ఏటా పెంపు రాసుకున్నారు. కూలి ఇంటికి రాయలేదు. ఏళ్ల తరబడి అది 2,500 దగ్గరే ఉండిపోయింది. పేరు కూడా చూడండి: పెన్షన్. భూమి పోయినవాడికిచ్చేది హక్కు, పని పోయినవాళ్లకిచ్చేది దయ!

రైతుకి ఎక్కువిచ్చారని మనం ఏడవడం లేదు. చిన్న రైతు కష్టాలు అతనికున్నాయి. భూమికి పట్టా ఉన్నట్టే పనికీ పట్టా ఉండాలంటున్నాం.

కుటుంబానికి ఏడాదికి 365 రోజులూ ఉపాధి పని ఇస్తామని, నైపుణ్య శిక్షణ ఇస్తామని ఆనాడు కాగితం మీద రాశారు. అదే జరిగుంటే చీకట్లో ఆటో దేనికి? 2025 మేలో ప్రధాని వచ్చి రాజధాని పనులు మళ్లీ మొదలుపెట్టారు. క్రేన్లు తిరుగుతున్నాయి. షెడ్లలో ఉండి పనిచేసేవాళ్లలో ఇతర రాష్ట్రాల మగవాళ్లున్నారు. వాళ్లూ మనలాంటి పేదలే, వాళ్లతో తగువు లేదు. కానీ చంటిబిడ్డతో వచ్చే ఈ ఊరి ఆడమనిషికి అక్కడ చోటేది?

బిడ్డ సంగతి చట్టానికి తెలియక కాదు. పనిచోటికి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు వస్తే, వాళ్లని చూసుకోవడానికి ఒక కూలీనే పెట్టి ఆమెకీ కూలీ ఇవ్వాలని 2005 ఉపాధి హామీ చట్టంలో రాశారు. దాని స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 125 రోజుల పని అంటూనే, నాట్ల, కోతల కాలంలో 60 రోజుల దాకా పని ఆపొచ్చంది. పొలమే లేని ఊళ్లో కోతల కాలం ఎక్కడిదండీ? అంగన్‌వాడీ చూద్దామా, తొమ్మిదింటికి గానీ తెరవరు. ఆటో ఐదింటికే పోతుంది.

1928లో బొంబాయి శాసనమండలిలో, ఫ్యాక్టరీ స్త్రీలకి కాన్పు సాయం బిల్లు వస్తే బాబాసాహెబ్ లేచి బలపరిచారు. తల్లి విశ్రాంతి ఆమె సొంత గొడవ కాదు, దేశం మేలుకి సంబంధించిందని వాదించారు. 2024 జనవరిలో విజయవాడ స్వరాజ్ మైదానంలో ఆయనకి 125 అడుగుల విగ్రహం నిలబెట్టారు. దండలకి కొదవలేదు. ఆయన మాటకే కొదవ.

మనల్నీ మనం అడుగుదాం. అసైన్డు భూముల్లో జరిగిన అన్యాయం మీద సభలు పెట్టాం, ఊరేగాం. మంచిదే. సెంటు భూమి లేని ఆడకూలీ గురించి ఎన్ని సభలు పెట్టాం? పెట్టిన సభకి ఆమె వస్తే, బిడ్డని ఎత్తుకున్న మగాడెవడైనా ఉన్నాడా? ఆమెకి పని లేని రోజునా, ఉన్న రోజునా బిడ్డ ఆమె మీదే. ఇది సర్కారు చేసింది కాదు, మనింట్లోదే.

కాబట్టి అడగాల్సింది ఇది. ఒకటి, పని పోయిన ప్రతి కూలీ పేరూ, ముఖ్యంగా ఆడవాళ్ల పేరు, విడిగా నమోదు చేయాలి. పెన్షన్ అనే మాట మార్చి పని నష్టపరిహారం అనాలి, అది ఏటా పెరగాలి. రెండు, రాజధాని పనుల్లో పార్కులు, నర్సరీలు, వంటశాలలు, ఊడ్పు పనుల్లో ఈ 29 గ్రామాల కూలీలకే మొదటి పిలుపు రావాలి. బడివేళలకి సరిపోయే పనిగంటలు ఉండాలి. మూడు, అంగన్‌వాడీలోనే పసిపిల్లల్ని ఉంచుకునే 'పాలనా' పథకం కేంద్రానికి 2022 నుంచీ ఉంది. ప్రతి వాడకీ అలాంటి కేంద్రం కావాలి. అది ఆటో కన్నా ముందు తెరవాలి.

మిత్రులారా! ఆ ఎనిమిదేళ్ల పిల్ల చంకలోంచి తమ్ముణ్ణి దించి, పలక పట్టుకుని బడికి రావాలి. మనం అడిగే రాజధాని అదే.

జై భీం!