అప్లికేషన్‌లో ఇంటిపేరు దగ్గర ఆగిపోయాను

ఆవకాయ జాడీలకి వాసెన కట్టేశారా? మా ఇంట్లో ఆ పని మొన్ననే అయింది. కిందటి వారం చెప్పిన మాగాయ సంగతి మళ్ళీ ఎప్పుడైనా చెప్పుకుందాం. ఈ వారం వంట కాదు, మా వంటింటి బల్ల మీద నడుస్తున్న చదువు గురించి.

మా తోటికోడలి కూతురు ఈ ఏడు ఇంటర్ పూర్తి చేసింది. "నేను చిన్నపిల్లలకి పాఠాలు చెప్తాను, డీఈఎల్‌ఈడీ చేస్తాను" అని కూర్చుంది. అదేనండీ, మన రోజుల్లో టీటీసీ అనేవాళ్ళం. దానికి డీఈఈసెట్ అని పరీక్ష. మా మరిది ఇంజనీరింగ్ అంటారు, ఆ పిల్ల బడి అంటుంది. చివరికి అప్లికేషన్ నింపడానికి నా దగ్గరికొచ్చింది. నింపుతూ నింపుతూ, "పెద్దమ్మా, దీనికి పై వయసు లేదుట, ఇంటర్ చాలుట, నువ్వూ పెట్టరాదూ?" అంది.

నవ్వేశాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పన్నెండేళ్ళుగా మా అరుగు మీద ట్యూషన్లు చెబుతున్నాను. ఒకప్పుడు ఒక ప్రైవేటు బడిలో అడిగితే, "ట్రైనింగ్ లేదు కదమ్మా" అని ఆయా జీతం కన్నా కాస్త ఎక్కువ చెప్పారు. తిరిగొచ్చేశాను. తెల్లారి ట్రంకు పెట్టె తీసి 1999 నాటి ఇంటర్ మార్కుల మెమో చూసుకున్నాను. వెయ్యికి 512. ఇంటర్‌లో 50 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకీ దివ్యాంగులకీ 45. పన్నెండు మార్కులతో గట్టెక్కాను!

మావారు విని, "సాయంత్రాలు చదువుకునే పార్ట్‌టైం కోర్సు ఏదీ లేదా?" అన్నారు. ఆయన్ని తప్పు పట్టను. పిట్టలవానిపాలెంలో పొద్దున్నే పాలు, క్యారేజీలు, అత్తగారి మందులు చూసుకునేదాన్ని నేనే. కానీ కొత్తగా చేరేవాళ్ళకి అలాంటిది లేదు. రెండేళ్ళు రోజూ వెళ్ళాలి, హాజరుండాలి, బళ్ళలో పాఠాలు చెప్పి చూపించాలి. మన పాత గుంటూరు జిల్లా డైట్ చిలకలూరిపేట దగ్గర బోయపాలెంలో ఉంది. మా ఊరినించి రోజూ వెళ్ళిరావడం అయ్యే పని కాదు. పిల్లయితే హాస్టల్లో ఉంటుంది, నేనెక్కడుండను? నాకు దగ్గర్లో ప్రైవేటు కాలేజీ ఏదైనా దొరికితేనే.

ఇంట్లో ఉండి చేసే దారి ఒకసారి వచ్చింది. 2017లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి, ట్రైనింగ్ లేకుండా పనిచేస్తున్న టీచర్లంతా 2019 మార్చి 31లోగా అర్హత తెచ్చుకోవాలన్నారు. అప్పుడు జాతీయ సార్వత్రిక పాఠశాల వాళ్ళు దూరవిద్యలో ఈ కోర్సు నడిపారు. అది అప్పటికే బళ్ళో పనిచేస్తున్నవాళ్ళకి. అరుగు మీద చెప్పేవాళ్ళకి కాదు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. 2025 మెగా డీఎస్సీలో వయసు 44 దాకా పెంచారు. నాకు నలభై మూడు నడుస్తోంది. కోర్సు అయ్యేసరికి ఆ హద్దు దాటేస్తాను. మాకు సడలింపు వర్తించదు. అంటే గవర్నమెంటు ఉద్యోగం మీద ఆశ పెట్టుకోకూడదు. పిల్ల సంగతి వేరు. ప్రాథమిక తరగతులకి బీఈడీ పనికిరాదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు చెప్పాక ఈ కోర్సుకి విలువ పెరిగింది. మా మరిదికి ఆ మాటే నాలుగుసార్లు చెప్పాను.

ఇక చదువు. పరీక్షలో తెలుగుంది, ఇంగ్లీషుంది. నాకు ఇంగ్లీషు గండం, ఆ పిల్లకి తెలుగు గండం! ఒకటో తరగతి నించీ ఇంగ్లీషు మీడియం. ఇంటర్‌లో మార్కులొస్తాయని సంస్కృతం తీసుకున్నారు. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ రాయమంటే 'ళ' ఎక్కడో 'ల' ఎక్కడో తెలీదు. ఒత్తులు ఒక అక్షరం కింద పెట్టాల్సినవి పక్కదాని కింద పెడుతుంది. మొన్న ప్రకృతి, వికృతి అనగానే "ప్రకృతి అంటే నేచర్ కదా పెద్దమ్మా" అంది. నవ్వొచ్చింది, భయమూ వేసింది. రేపు ఒకటో తరగతిలో గుణింతాలు దిద్దించేది ఈ పిల్లే కదా. పంతులమ్మ పలక మీద తప్పు రాస్తే ముప్ఫైమంది పిల్లలు ఆ తప్పునే దిద్దుతారు.

మా పెద్దమ్మ మనవరాలు ఐర్లండులో ఉంటోంది. ఫోన్లో ఈ సంగతి చెబితే, అక్కడా ఇదే గొడవట. ఇళ్ళల్లో ఎక్కువమంది మాట్లాడేది ఇంగ్లీషే, అయినా ప్రైమరీ టీచర్ కావాలంటే ఐరిష్ బాగా వచ్చి తీరాలిట. డిగ్రీ అయినవాళ్ళకి పార్ట్‌టైం కోర్సులున్నాయి గానీ, ఐరిష్ దగ్గర మాత్రం వదలరుట. ట్రైనింగులో ఉన్నవాళ్ళని ఆ భాష మాట్లాడే పల్లెలకి పంపి కొన్నాళ్ళు ఉంచుతారుట కూడా.

మాకా ఖర్చు లేదు. మా అత్తగారున్నారు. బడి గడప తొక్కని మనిషి. 'ముఖం' ఆవిడ నోట 'మొగం', 'భక్తి' 'బత్తి', 'రాత్రి' 'రేతిరి'. పిల్ల సంస్కృతం మాట చెప్పడం, నాయనమ్మ ఎలా అంటుందో వినడం, రాసుకోవడం. వికృతులు సగం అలా వచ్చేశాయి. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉండవు లెండి, నేను సరిచూస్తున్నాను.

మీలో ఎవరికైనా పెట్టాలనుంటే ఒక మాట. నా పదో తరగతి సర్టిఫికెట్ మీద పుట్టింటి పేరు, ఆధార్ మీద అత్తింటి పేరు. పేరు పెట్టె దగ్గర అరగంట ఆగిపోయాను. నెట్ సెంటర్ అబ్బాయి చెప్పాడు, పదో తరగతిలో ఎలా ఉంటే అలాగే రాయాలిట. ఇరవై ఆరేళ్ళ తర్వాత నా పాత ఇంటిపేరు నేనే టైపు చేశాను. స్టడీ సర్టిఫికెట్ల కోసం పుట్టింటి ఊరు వెళ్ళాలి. చదివిన బళ్ళన్నిటికీ తిరగాలి గనక చివరి రోజు దాకా ఆగొద్దు. పరీక్ష కంప్యూటర్ మీద. మౌస్ పట్టుకుంటే ఆ బాణం గుర్తు నా మాట వినడం లేదు. వారానికి రెండు రోజులు పొన్నూరు వెళ్ళి గంటసేపు నేర్చుకుంటున్నాను.

మావారు ఇంకా 'సరే' అనలేదు. నిన్న మాత్రం, "ర్యాంకు వస్తే అప్పుడు చూద్దాంలే, అమ్మ మందులు నేనిస్తాను" అన్నారు. పొద్దున్న మాత్రలు ఏవో, రాత్రివి ఏవో చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటించాను.

ఇవాళ డిక్టేషన్‌లో పిల్లకి ఏడు తప్పులు, నాకు ఇంగ్లీషులో పదకొండు. ఇంటిపేరు తేడా వల్ల ఎవరికైనా తర్వాత సర్టిఫికెట్ల పరిశీలనలో ఇబ్బంది వచ్చి ఉంటే, ఎలా తీర్చుకున్నారో నాకో ఉత్తరం ముక్క రాయండి. హాల్ టికెట్ రాగానే చెబుతాను.