యంత్రమునకు ప్రాణదండనాధికారమా?

ఎఱ్ఱదీపమును డ్రైవరు గమనింపనిచో నేమగునో డోర్నకల్ జంక్షను వారికి చెప్పనక్కఱలేదు. అట్టి పొరపాటున బండిని తనంతట నాపు ‘కవచ్’ను 2022 మార్చి 4న సికిందరాబాదు డివిజనులో పరీక్షింపగా, రైల్వే మంత్రి యెక్కిన యింజను ముందున్న దానికి 380 మీటర్ల దూరముననే నిలిచెను. దీనిని మేము హర్షింతుము. అది పొరబడి యాపినను బండి యాలస్యమగునే కాని ప్రాణము పోదు.

మనుష్యుని యాజ్ఞ లేకయే గుఱి నెంచి కాల్చు యుద్ధయంత్రముల సంగతి వేఱు. గడ్డపాఱ పట్టిన రైతును, ఆయుధము దించి శరణన్న సైనికుని అది నిశ్చయముగా గుర్తింపగలదా? పొరబడినచో శిక్ష యెవరికి?

ఈ యాయుధములపై దేశముల యభిప్రాయములు సేకరింపవలెనను ఐక్యరాజ్యసమితి తీర్మానమును 2023 డిసెంబరు 22న 152 దేశములు బలపఱచెను. వ్యతిరేకించిన నాలుగింటిలో మనదొకటి. 2024 తీర్మానమున మన దేశము తటస్థముగా నుండెను. ఇది చాలదు. ఆపు నధికారము యంత్రమున కీయవచ్చును. చంపు నధికారము మాత్ర మీయరాదని మన ప్రభుత్వము స్పష్టముగా బలుకవలెను.