అవసరం తెరిచిన తలుపు

ఒక పాత ఫోటో గురించి ఈ సంచికలో మాట్లాడుకుందాం. 1945 మే నెలలో ఇంగ్లండులోని బాడ్సీ రాడార్ కేంద్రంలో తీసిన ఫోటో అది. యూనిఫాం వేసుకున్న యువతి ఒకామె పెద్ద యంత్రం ముందు కూర్చుని పనిచేసుకుంటోంది. ఆ యంత్రానికున్న గాజుతెర మీద ఒక వెలుగు గీత కనిపిస్తుంది. గీతలో వచ్చే చిన్న వంపును బట్టి విమానం ఎంత దూరంలో ఉందో, ఏ దిక్కు నుంచి వస్తోందో ఆమె చెప్పాలి. లెక్క తప్పితే ఊళ్ళమీద బాంబులు పడతాయి.

ఆడవాళ్ళకు యంత్రాలు అర్థం కావని, ప్రమాదం ఎదురైతే బెదిరిపోతారని చెప్పిన సమాజమే, మగవాళ్ళు యుద్ధానికి వెళ్ళేసరికి ఈ పనిని ఆమె చేతిలో పెట్టింది. పని ఇచ్చింది గానీ సమాన జీతం ఇవ్వలేదు. మహిళా సహాయక వైమానిక దళంలో స్త్రీకి ముట్టింది అదే హోదాలోని మగవాడి జీతంలో మూడింట రెండు వంతులే. ఫోటో తీసిన నెలలోనే యూరప్‌లో యుద్ధం ముగిసింది. తర్వాత ఆ దళంలోని స్త్రీలలో అత్యధికులను ఇళ్ళకు పంపించేశారు.

ఎక్కడో ఇంగ్లండు ముచ్చట గోదావరిఖనిలో మనకెందుకు అనిపించవచ్చు. సరిగ్గా అదే యుద్ధకాలంలో మన దేశపు బొగ్గుగనుల్లోనూ ఇదే కథ నడిచింది. 1929 నిబంధనలతో మొదలుపెట్టి, 1930లు ముగిసేలోగా స్త్రీలను భూగర్భ గనుల నుంచి పూర్తిగా తప్పించారు. యుద్ధంలో బొగ్గు కొరత రాగానే 1943లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తేసింది. బెంగాల్, బీహార్, సెంట్రల్ ప్రావిన్సుల స్త్రీలు మళ్ళీ తట్టలతో గనిలోకి దిగారు. 1944 ఫిబ్రవరిలో కేంద్ర శాసనసభలో దీనిపై చర్చ జరిగింది. స్త్రీలను గనిలోకి దించడాన్ని రేణుకా రే వ్యతిరేకించారు. అప్పటి కార్మిక శాఖ సభ్యుడు అంబేద్కర్, ఇది యుద్ధ అవసరం కోసం చేసిన తాత్కాలిక ఏర్పాటని చెబుతూనే, ఒకే పనికి స్త్రీ పురుషులకు ఒకే వేతనమన్న సూత్రం ఇక్కడ అమలవుతోందని గుర్తుచేశారు. 1946లో నిషేధం తిరిగి వచ్చింది. 1952 గనుల చట్టం దాన్ని స్థిరపరిచింది.

నిషేధాన్ని కోరినవాళ్ళందరూ స్త్రీలకు శత్రువులు కారు. గాలి ఆడని గనిలో, పసిబిడ్డను ఇంట్లో వదిలి బొగ్గు మోసే తల్లి కష్టం చూసి మాట్లాడినవాళ్ళూ వారిలో ఉన్నారు. కానీ గనిని మనుషులు పనిచేయదగ్గట్టుగా మార్చడం కంటే అందులోంచి స్త్రీని తీసేయడమే సులువైంది. ప్రమాదం అలాగే ఉండిపోయింది. స్త్రీ కూలి మాత్రం పోయింది.

మన బొగ్గుబాయిల చుట్టూ ఈ సంగతి మనకు బాగా తెలుసు. మొదటి షిఫ్టుకు టిఫిన్ కట్టేది ఆడమనిషి. బాయిలో ప్రమాదం జరిగిందంటే పిట్ ఆఫీసు ముందు ఉరికేది ఆడమనిషి. ఆ పనికి మస్టరు పడదు. మన కార్మిక వాడల్లో చాలామంది స్త్రీలకు కంపెనీ ఉద్యోగమంటే భర్తో తండ్రో చనిపోయాకో, అన్‌ఫిట్ అయ్యాకో వచ్చేది. అంటే ఇంట్లో మగవాడు పడిపోతే గానీ ఆమెకు తలుపు తెరుచుకోదు. ఇదీ అవసరం తెరిచిన తలుపే.

2019లో కేంద్ర ప్రభుత్వం నిబంధన సడలించింది. సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజిమెంటు పనుల్లో ఉన్న స్త్రీలు రాతపూర్వక సమ్మతితో ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు భూగర్భంలో పనిచేయవచ్చంది. ఓపెన్‌కాస్టుల్లో రాత్రి షిఫ్టుకూ అనుమతించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్, సమ్మతి ఉంటే రాత్రి వేళల్లో సహా అన్ని రకాల పనుల్లోనూ స్త్రీలను నియమించవచ్చంటోంది. మైనింగ్ చదివిన మన ఆడపిల్లలు బాయి దిగుతున్నారు. ఇది సంతోషించవలసిన విషయమే.

అయితే తలుపు ఎందుకు తెరిచారన్నది మనం అడగాలి. సమ్మతి కాగితం మీద సంతకం చేయనన్న అమ్మాయికి ప్రమోషన్ ఆగదు కదా? బాయి లోపల మరుగుదొడ్డి ఉందా? రాత్రి షిఫ్టు దిగాక ఇంటికి చేర్చే బండి ఉందా? పిల్లల్ని చూసే చోటు ఉందా? వేధింపులపై ఫిర్యాదుల కమిటీ ఉందని జనరల్ మజ్దూర్‌గా చేరిన చెల్లెలికి ఎవరైనా చెప్పారా? అధికారి హోదాలో దిగిన స్త్రీకి అందే శిక్షణ, యంత్రం నడిపే అవకాశం ఈ చెల్లెలికీ అందుతాయా?

మార్చి 8న హెల్మెట్టు, క్యాప్ ల్యాంపు పెట్టుకున్న అమ్మాయి ఫోటో పత్రికల్లో వస్తుంది. రావాలి కూడా. కానీ బాడ్సీలో ఆ యువతికీ ఫోటో తీశారు. ఫోటో మిగిలింది, ఉద్యోగం మిగల్లేదు. అవసరం ఇచ్చినదాన్ని అవసరం తీరగానే వెనక్కి తీసుకుంటారు. హక్కుగా సాధించుకున్నదాన్ని తీసుకోవాలంటే మనతో తలపడాలి. కాబట్టి పైన అడిగిన ప్రశ్నలను ప్రతి గని దగ్గరా, ప్రతి యూనియన్ సమావేశంలోనూ అడుగుదాం. జవాబులు రాతలో తీసుకుందాం.