పింఛనుదారునకు రెండవ బీమా: రక్షణమా, వంచనమా?

మొన్న, చిన్ననాడు మాకు లెక్కలు నేర్పిన మాస్టారు మా కచేరికి దయచేసి, యొక దరఖాస్తు కాగితమును బల్లపై నుంచి, “ఒరే అబ్బాయీ, దీనిపై సంతకము పెట్టుదునా, మానుదునా?” యని యడిగిరి. ఆయనకు 69 ఏండ్లు. ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యపథకపు కార్డు కలదు. అందులకై పింఛనునుండి నెలనెలా చందా పోవుచునే యున్నది. ఆ కార్డే చాలునని పెద్దకుమారుడును, దానిపై మఱియొక బీమా లేకున్న కొంప మునుగునని యేజెంటును ఆయనను చెఱియొక వైపునకు లాగుచున్నారు. తెలుగునాట ననేకుల పింఛనుదారుల యిండ్లలో నేడీ తగవే నడచుచున్నది. ఉభయులును సగము సత్యమునే పలుకుచున్నారని మా యభిప్రాయము. ఆ సగమును విడదీయుటకే యీ వ్యాసము.

“కార్డు చాలు” ననువారిని ముందుగ విచారింతము. 2007లో ఆరోగ్యశ్రీయు, 2013లో ఉద్యోగుల ఆరోగ్యపథకమును వచ్చుట సామాన్యమైన మేలు కాదు. 2024 అక్టోబరు 29న కేంద్రప్రభుత్వమువారు ఆయుష్మాన్ పథకమును, ఆదాయముతో నిమిత్తము లేక, 70 ఏండ్లు నిండినవారి కందఱకును విస్తరించి, కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయల వఱకు వైద్యము వాగ్దానము చేసిరి. పాతరోగమున్నదని తిరుగగొట్టుట యందు లేదు. దీనిని మెచ్చకుండుట కృతఘ్నత. కాని కార్డనునది వాగ్దానమే గాని వైద్యము కాదు. 2025 సెప్టెంబరులో తెలంగాణమునను, అక్టోబరులో ఆంధ్రప్రదేశమునను, బకాయిలు చెల్లలేదని ప్రైవేటు ఆస్పత్రులవారు సర్కారు ఆరోగ్యపథకముల సేవలను నిలిపివేసిరి. కార్డు చాలునను పుత్రరత్నములు ఆ దినములలో తండ్రిని ఏ ఆస్పత్రి వాకిటికి గొనిపోదురో చెప్పవలెను. సర్కారు బాకీపడుటయు, ఆస్పత్రి తలుపు మూయుటయు, నడుమ రోగి వీధిలో నిలుచుటయు — ఇదియేనా భద్రత?

ఇక యేజెంటు మహాశయుని సగము. ఆయన తెచ్చిన దరఖాస్తును మేము చదివితిమి. “మధుమేహము కలదా?” యను ప్రశ్నకెదుట “లేదు” అని యప్పుడే వ్రాసియున్నది. మాస్టారికి చక్కెరవ్యాధి వచ్చి 12 ఏండ్లు. “అట్లు వ్రాసినచో ప్రీమియము తగ్గును, అందఱిదియు నట్లే వ్రాయుదుము” అని యా పెద్దమనిషి చెప్పెనట! ఈ రెండక్షరముల “లేదు” మూలమున బిల్లు తిరస్కృతమై, పొలమమ్ముకొనిన కుటుంబముల కాగితములు మా కచేరి బీరువాలో నున్నవి. చట్టము వేరొకరీతిగ నున్నది. చెప్పిన రోగమునకు కంపెనీ విధింపగల నిరీక్షణకాలము 2024నుండి 36 నెలలకు మించరాదు. 60 నెలలు ఎడతెగక పాలసీ నడచినపిమ్మట, మోసము రుజువైననే తప్ప, రోగము దాచితివని బిల్లు త్రోసిపుచ్చ వీలులేదు. దరఖాస్తులో చెప్పిన రోగమును ఎఱిగియే పాలసీ నిచ్చిన కంపెనీ తరువాత నా రోగమునే సాకుగ జూపరాదని 2021 డిసెంబరులో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. నిజము వ్రాసినవాడు మూడేండ్లు నిరీక్షించును. అబద్ధము వ్రాసినవాడు ఐదేండ్లు భయముతో బ్రతికి, ఆపైని మోసగాడను నిందనుండియు తప్పించుకొనలేడు. (ఈ పని 55వ యేట చేసియుండిన, విరమించునాటికి రెండు గడువులును దీరియుండెడివి. ఇంకను ఉద్యోగమున నున్న చదువరులు దీనిని గమనింతురు గాక.)

మఱి కొనదగినదేది? ఇచటనే అనేకులు కాలుజారుచున్నారు. టాపప్ అనియు, సూపరు టాపప్ అనియు రెండు కలవు. పేరులో భేదము స్వల్పము, ఫలములో ననంతము. 5 లక్షల డిడక్టిబులు గల పాలసీ యనుకొందము. అనగా మొదటి 5 లక్షలు కంపెనీ యీయదు. ఫిబ్రవరిలో గుండెకు 4 లక్షలు, సెప్టెంబరులో తుంటియెముకకు 3 లక్షలు ఖర్చైనవి. టాపప్ ప్రతి బిల్లును వేఱువేఱుగ కొలుచును. ఏ బిల్లును 5 లక్షలు దాటలేదు గాన ఒక్క రూపాయి రాదు. సూపరు టాపప్ ఏడాది మొత్తమును కొలుచును. 7 లక్షలలో 2 లక్షలు వచ్చును. మాస్టారి కాగితము మొదటి రకమునకు జెందినది!

అంతమాత్రమున సూపరు టాపప్ కొని సుఖముగ నిదురింపవచ్చునా? కార్డును ఆస్పత్రి నిరాకరించిననాడు ఆ మొదటి 5 లక్షలు ఎవరిత్తురు? అవి బ్యాంకులో డిపాజిటుగ నుండవలెను. లేదా చిన్నదైనను మొదటి పాలసీ యొకటి యుండవలెను. అవి లేనివానికి పైబీమా పునాది లేని మేడ. మఱియు వృద్ధుల పాలసీలలో పెక్కింట కో-పే యను నియమము కలదు. 20 శాతమైన, 5 లక్షల బిల్లులో లక్ష మనదే. నెలనెలా మింగు చక్కెర, రక్తపుపోటు మాత్రల ఖర్చును సాధారణముగ నీ పాలసీలు ముట్టవు.

ప్రీమియము మాట. 2025 సెప్టెంబరు 22నుండి వ్యక్తిగత ఆరోగ్యబీమాపై 18 శాతము జి.ఎస్.టి. తొలగింపబడినది, సంతోషమే. వృద్ధుల ప్రీమియమును ఏటికి 10 శాతమునకు మించి పెంచదలచిన ముందుగ తమ్ము సంప్రదింపవలెనని బీమా నియంత్రణ సంస్థవారు 2025 జనవరిలో నుత్తరువు చేసిరి. ఏటేట 10 శాతము పెరిగిన, ఎనిమిదేండ్లకు ప్రీమియము రెండింతలు దాటును. చక్రవడ్డీ మాకు నేర్పినది మాస్టారే. ఆయనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. నేడు కట్టగలిగి 77వ యేట కట్టలేక పాలసీని విడుచువాడు, కట్టినదెల్ల గాలికి వదలినవాడే.

బిల్లు అన్యాయముగ తిరస్కృతమైన, కంపెనీకి వ్రాసి, అచట న్యాయము జరుగకున్న హైదరాబాదునందలి బీమా అంబుడ్స్‌మనుకు ఏడాదిలోపల ఫిర్యాదు చేయవచ్చును. 50 లక్షల వఱకు తీర్పీయగలరు. ఫీజు లేదు, ప్లీడరు నవసరము లేదు. మా వృత్తివారికి నష్టమైనను చెప్పుట ధర్మము.

డబ్బీయలేని కారణమున ఎవ్వరికిని తగిన వైద్యము కొఱత కాగూడదని భోర్ సంఘమువారు 1946లోనే వ్రాసిరి. ఆ మాట దేశమున నెగ్గియుండిన, ఏబదేండ్లనాటి గురువు శిష్యుని యెదుట డిడక్టిబులునకు అర్థమడుగవలసిన గతి పట్టియుండదు. రెండు రాష్ట్రములలోను ఏ ఆస్పత్రికి ఎంత బాకీయో నెలనెలా ప్రకటింపుడని మేము ప్రభుత్వములను నిలదీయుచున్నాము. నెల తప్పక చందా కోసికొనుట వచ్చినవారికి నెల తప్పక బిల్లు చెల్లించుట రాదా?

మాస్టారికి డిపాజిటు కలదు గాన సూపరు టాపప్ తీసికొనుడని చెప్పితిమి. ఆయన మా కలము తీసికొని, “లేదు” అనుదానిని కొట్టివేసి, “ఉన్నది, 12 ఏండ్లుగా” అని వ్రాసి, సరియైన దరఖాస్తు తెమ్మని యేజెంటుకు కబురు చేసిరి. ఆ యేజెంటు మఱల రాలేదు.